ఇంజను ఊపిరి, ఊరి ఊపిరి
డీజిల్ వ్యానులలో పొగ పునఃప్రసరణం – మసి సమస్య

మనిషికి ఊపిరి ఎటువంటిదో ఇంజనుకు గాలి అటువంటిది. ఆహారం లేకుండా మనిషి కొన్ని దినాలు బ్రతుకగలడు గాని, గాలి లేకుండా కొన్ని నిమిషాలైనా బ్రతుకజాలడు. డీజిల్ ఇంజను సంగతి కూడా అంతే. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నప్పటికీ, గాలి ప్రవేశించే దారి మూసుకొనిపోయినచో దాని బలం సన్నగిల్లుతుంది. నల్లని పొగ కక్కుతుంది. చివరకు మొరాయించి ఆగిపోతుంది. విచిత్రమేమనగా, నేటి డీజిల్ వ్యానులలో ఈ దారిని మూసివేసేది వీధి దుమ్ము కాదు. ఇంజను తాను విడిచిన పొగలో కొంత భాగాన్ని తానే తిరిగి పీల్చుకొంటుంది. ఆ పొగలోని మసియే దాని గొంతులో పేరుకొంటుంది.

ఇంజను తన పొగను తానే ఎందుకు పీల్చవలె? ఈ ఏర్పాటు చేసిన ఇంజనీర్లకు ఆ మాత్రం తెలియదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పుటే ఈ వ్యాసం ఉద్దేశం. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులకు ఇందులో రసాయనశాస్త్రం, ఉష్ణశాస్త్రం రెండూ కనిపిస్తాయి. తండ్రో, అన్నో వ్యాను నడిపి కుటుంబాన్ని పోషిస్తున్న విద్యార్థులు మన కళాశాలలో తక్కువమంది కారు. వారికి ఒక నిర్ణయం తీసుకొనుటలో ఈ నాలుగు మాటలు ఉపకరించవచ్చును.

కొంతకాలం క్రిందట, పిల్లలను బడికి చేరవేసే వ్యాను యజమాని ఒకరు నన్ను తమ వెంట మరమ్మతు షెడ్డుకు తీసుకొనివెళ్ళారు. వారి అబ్బాయి ఒకప్పుడు నా విద్యార్థి. వ్యాను ఎత్తు ఎక్కలేకపోతున్నది, పొగ విపరీతంగా వస్తున్నది. షెడ్డు ఉస్తాద్ అనుభవజ్ఞులు. ఇన్‌టేక్ మానిఫోల్డును విప్పి నా చేతికి ఇచ్చి, "ఇస్కా దమ్ ఘుట్ రా సాబ్" అన్నారు. దీనికి ఊపిరాడటం లేదని అర్థం. రెండు వ్రేళ్ళు సులువుగా పట్టవలసిన రంధ్రంలో చిటికెన వ్రేలు కూడా దూరలేదు. లోపలంతా తారువంటి నల్లని ముద్ద.

ఉస్తాద్ రెండు మార్గాలు చెప్పారు. మొదటిది మానిఫోల్డును, వాల్వును పూర్తిగా శుభ్రం చేసి క్రొత్త ప్యాకింగులతో బిగించుట. దానికి రెండు రోజులు పడుతుంది. రెండవది పొగ లోపలికి వచ్చే దారికి ఒక ఇనుప రేకు అడ్డం పెట్టి బోల్టులు బిగించుట. అది అరగంట పని. "రేకు పెట్టేస్తే మళ్ళీ ఈ మసి బాధ ఉండదు" అని ఆయన హామీ ఇచ్చారు. యజమాని నా ముఖం చూచి, "మీరేమంటారు సార్?" అని అడిగారు. ఆనాడు నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. అందుకు కారణం గ్రహించవలెనంటే ముందుగా ఇంజను లోపలికి తొంగిచూడవలె.

డీజిల్ ఇంజనులో జరిగేదేమి?

1858లో పారిస్‌లో జన్మించిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపినాడు. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరు లోనికి వచ్చిన గాలిని పిస్టన్ సుమారు పదిహేను నుండి ఇరవై వంతుల వరకు అదిమివేస్తుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుట మన అనుభవంలోనిదే. అదే సూత్రం వలన సిలిండరులోని గాలి 500 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి కాగిపోతుంది. ఆ సమయంలో డీజిల్‌ను సన్నని తుంపరగా చల్లినచో దానంతట అదే మండుతుంది.

ఇచ్చట ఒక విశేషం గమనించవలె. పెట్రోలు ఇంజనులో శక్తి తగ్గించవలెనంటే గాలిని కూడా తగ్గిస్తారు. డీజిల్ ఇంజను మాత్రం ప్రతి పర్యాయం నిండుగా గాలి పీల్చుకొంటుంది. శక్తి హెచ్చుతగ్గులు చల్లే డీజిల్ పరిమాణాన్ని బట్టి ఉంటాయి. అందువలన వ్యాను నిదానంగా పోయేటప్పుడు, లేదా ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు, సిలిండరులో అవసరానికి మించిన గాలి ఉంటుంది. పొగలో కూడా వాడబడని ఆమ్లజని చాలా మిగిలిపోతుంది. ఈ మిగులే మనం చెప్పుకొనబోయే ఉపాయానికి ఆధారం.

కంటికి కనిపించని విషం

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని. ఈ రెండూ కలిసే ఉన్నా సాధారణంగా ఒకదానితో ఒకటి సంయోగం చెందవు. నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉండుటే దీనికి కారణం. కాని మంట ఉష్ణోగ్రత సుమారు 1500 డిగ్రీలు దాటినప్పుడు ఈ స్నేహం చెదరుతుంది. వేడికి విడివడిన ఆమ్లజని పరమాణువు నత్రజని అణువును ఢీకొని నైట్రిక్ ఆక్సైడును పుట్టిస్తుంది. విడిపోయిన నత్రజని పరమాణువు మరొక ఆమ్లజని అణువును పట్టుకొని ఇంకొక నైట్రిక్ ఆక్సైడును ఇస్తుంది. ఈ శృంఖల చర్యను 1940 దశకంలో వివరించినవాడు రష్యన్ శాస్త్రవేత్త యాకొవ్ జెల్దోవిచ్. ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా ఈ చర్య వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొద్దిగా తగ్గినా ఎన్నో రెట్లు తగ్గుతుంది. విద్యార్థులు దీనిని బాగా గుర్తుంచుకొనవలె.

నైట్రిక్ ఆక్సైడుకు రంగు లేదు. బయటి గాలిలో కలిసిన తరువాత అది నైట్రోజన్ డయాక్సైడుగా మారుతుంది. ఇది శ్వాసనాళాలను మండిస్తుంది; ఉబ్బసం ఉన్నవారికి బాధను ఎక్కువ చేస్తుంది. సూర్యరశ్మిలో ఇతర వాయువులతో చేరి నేలమట్టాన ఓజోనును పుట్టిస్తుంది. మన దేశంలో 2009లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం నివాస ప్రాంతాలలోని గాలిలో నైట్రోజన్ డయాక్సైడు సంవత్సర సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10 మైక్రోగ్రాములకు దించింది.

పచ్చికట్టె ఉపాయం

కట్టెలపొయ్యి ఉధృతంగా మండుతున్నప్పుడు ఎండుకట్టెల మధ్య ఒక పచ్చికట్టెను దూర్చితే మంట నెమ్మదిస్తుంది. కట్టెలోని తడి కొంత వేడిని మ్రింగుతుంది. ఇంజనులో ఆ పచ్చికట్టె పాత్రను వహించేది అది విడిచిన పొగయే. పొగలో కొంత భాగాన్ని ఒక గొట్టం ద్వారా మళ్ళించి, నీటి కూలరులో చల్లార్చి, ఒక వాల్వు ద్వారా లోపలికి వచ్చే గాలిలో కలుపుతారు. దీనినే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ అంటారు. షెడ్డులలో ఇ.జి.ఆర్. అన్న పొడి పేరే వాడుకలో ఉన్నది.

దీనివలన రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, సిలిండరులో ఆమ్లజని పాలు తగ్గి దహనం నెమ్మదిస్తుంది. రెండవది, పొగలోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి తమ ఉష్ణోగ్రత పెరుగుటకు గాలికంటె ఎక్కువ వేడిని పీల్చుకొంటాయి. ఫలితంగా మంట యొక్క గరిష్ఠ ఉష్ణోగ్రత తగ్గుతుంది. జెల్దోవిచ్ చూపిన చర్య చతికిలబడుతుంది. ఈ ఒక్క ఉపాయంతో నత్రజని ఆక్సైడులను సగానికి, కొన్ని పరిస్థితులలో అంతకంటె ఎక్కువగా కూడా తగ్గించవచ్చును.

ఎంత పొగ మళ్ళుతున్నదో తెలుసుకొనుటకు ఒక చిన్న లెక్క ఉన్నది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతం. పొగ గొట్టంలో అది 8 శాతం, మానిఫోల్డులో 2 శాతం ఉన్నదనుకొందాం. మానిఫోల్డులోని విలువనుండి బయటి గాలి విలువను తీసివేస్తే 1.96. పొగ విలువనుండి అదే తీసివేస్తే 7.96. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే సుమారు 25 శాతం. అనగా సిలిండరు పీల్చే ప్రతి నాలుగు పాళ్ళలో ఒక పాలు పొగయే అన్నమాట. డ్రైవరు యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడు ఇంజనుకు గాలి అంతా అవసరమే కాబట్టి వాల్వు మూసుకొంటుంది. తక్కువ భారంతో నడిచే వేళ తెరచుకొంటుంది.

ఈ పద్ధతిని 1970 దశకంలో అమెరికాలో పెట్రోలు కార్లకు వాడారు. తరువాత యూరపులో 1992 నుండి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన నియమాల వలన డీజిల్ వాహనాలలో వ్యాపించింది. మన దేశంలో భారత్ స్టేజ్ 4 నియమాలు 2017 ఏప్రిల్ నుండి దేశమంతటా, భారత్ స్టేజ్ 6 నియమాలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చాయి. సరకులు మోసే పెద్ద తరగతి డీజిల్ వ్యానుకు నాలుగవ దశలో కిలోమీటరుకు 0.39 గ్రాముల నత్రజని ఆక్సైడులు అనుమతించగా, ఆరవ దశలో అది 0.125 గ్రాములకు తగ్గింది. ఇంతటి తగ్గింపును చాలా ఇంజనులలో ఇ.జి.ఆర్. ఒక్కటే సాధించలేదు కాబట్టి, యూరియా ద్రావణంతో పొగను శుద్ధిచేసే ఏర్పాట్లు కూడా తోడైనాయి. అయినను ఇ.జి.ఆర్. తొలగిపోలేదు.

ఇంజనులో తయారయ్యే కాటుక

ఇక ఈ ఉపాయానికి చెల్లించవలసిన మూల్యం సంగతి. మంట చల్లబడి ఆమ్లజని తగ్గినప్పుడు నత్రజని ఆక్సైడులు తగ్గుతాయి గాని, డీజిల్ పూర్తిగా కాలక మసి పెరుగుతుంది. ఒకటి తగ్గిస్తే రెండవది పెరుగుట డీజిల్ ఇంజను స్వభావం. ఆ మసిలో కొంత, మళ్ళించిన పొగతోబాటు మానిఫోల్డునకు చేరుతుంది.

అయితే పొడి మసి మాత్రమే ఉన్నట్లయితే చాలావరకు గాలితో కొట్టుకొనిపోయేది. అచ్చటికే మరొక అతిథి వస్తాడు. పిస్టన్ రింగుల సందులనుండి క్రిందికి జారిన వాయువులు ఇంజను ఆయిల్ తుంపరలను వెంటబెట్టుకొని, బ్రీదరు గొట్టం ద్వారా మానిఫోల్డులోనికే చేరుతాయి. మసి, నూనె కలిస్తే ఏమవుతుందో మన ఇండ్లలోని పెద్దలకు తెలియనిది కాదు. ఆముదపు దీపంపై చల్లని పళ్ళెం బోర్లించి, అంటుకొన్న మసిని నేతితో రంగరిస్తే కాటుక అవుతుంది. మన ఉర్దూ మిత్రులు దానినే కాజల్ అంటారు. డీజిల్ వ్యాను మానిఫోల్డులో తయారయ్యేది ఆ కాటుకయే. కండ్లకు పెట్టుకొనుటకు మాత్రం పనికిరాదు.

పళ్ళెం చల్లగా ఉండవలెనని పెద్దలు చెప్పుటలో కూడా శాస్త్రం ఉన్నది. వేడివాయువులోని సన్నని రేణువులు చల్లని గోడవైపు నెట్టబడతాయి. వేడి వస్తువు చుట్టూ దుమ్ములేని పొర ఏర్పడుటను 1870లోనే జాన్ టిండాల్ గమనించాడు. వేడి వైపునుండి తగిలే అణువులు రేణువును గట్టిగా, చల్లని వైపునుండి తగిలేవి మెల్లగా కొట్టుటయే ఇందుకు కారణం. కావున వేడిపొగ చల్లని గాలిని, చల్లని లోహాన్ని కలుసుకొనే చోట్లనే మసి ఎక్కువగా పట్టుతుంది. ఇ.జి.ఆర్. కూలరు, వాల్వు కూర్చునే చోటు, మానిఫోల్డు వంపులు, ఇన్‌టేక్ వాల్వుల వెనుకభాగం అటువంటి చోట్లు. డీజిల్ నేరుగా సిలిండరులోనికి చల్లబడుతుంది కాబట్టి, ఆ దారిని కడిగే ఇంధనం కూడా ఉండదు.

పరిమాణం ఊహించుటకు మరొక లెక్క. 2.2 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. రెండు చుట్లకు ఒకసారి పీల్చుకొంటుంది కాబట్టి, టర్బో లేదనుకొన్నా నిమిషానికి 2,200 లీటర్లు, గంటకు 132 ఘనపు మీటర్లు పీల్చుతుంది. అందులో ఐదవ వంతు పొగ అయితే సుమారు 26 ఘనపు మీటర్లు. ఒక్కొక్క ఘనపు మీటరు గోడపై ఒక్క మిల్లిగ్రాము మసిని వదలినా వెయ్యి గంటలకు 26 గ్రాములు. మసి దూదివలె తేలికైనది. నూనె కూడా చేరిన పిదప అది ఎంత చోటు ఆక్రమిస్తుందో చెప్పనక్కరలేదు. 40 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ 5 మిల్లీమీటర్ల పొర పట్టితే వ్యాసం 30 మిల్లీమీటర్లకు, గాలి పోయే వైశాల్యం 56 శాతానికి పడిపోతుంది. 10 మిల్లీమీటర్ల పొర పట్టితే మిగిలేది నాలుగవ వంతే. గాలి తగ్గినకొద్దీ మసి పెరుగుతుంది. మసి పెరిగినకొద్దీ గాలి తగ్గుతుంది.

బడి వ్యాను దినచర్య ఈ వ్యాధికి అనుకూలమైనది. ఇంజను బాగా కాగకముందే ప్రయాణం ముగుస్తుంది. వీధివీధికీ ఆగుట, బడి గేటు ముందు ఇంజను ఆపకుండా వేచియుండుట నిత్యకృత్యం. దూరప్రయాణం చేసే వ్యానులో కొంతైనా కాలిపోయే మసి ఇందులో పోగవుతుంది.

లక్షణాలు

వాల్వు మసితో తెరచుకొనియే ఉండిపోతే, పొగ వద్దనుకొన్నప్పుడు కూడా లోపలికి వస్తుంది. పికప్ తగ్గుట, నల్లని పొగ, ఆగియున్నప్పుడు ఇంజను వణకుట, ఒక్కొక్కసారి ఆగిపోవుట దీని గుర్తులు. వాల్వు మూసుకొనియే ఉండిపోతే డ్రైవరుకు ఏ బాధా తెలియకపోవచ్చును. క్రొత్త వాహనాలలో హెచ్చరిక దీపం మాత్రం వెలుగుతుంది. కూలరు లోపల చిల్లిపడితే కూలెంటు నీరు కారణం కనిపించకుండా తగ్గుతుంది, పొగలో తెల్లని ఆవిరి వస్తుంది. ఇది అశ్రద్ధ చేయదగినది కాదు.

అయితే ప్రతి నల్లపొగకూ ఇ.జి.ఆర్.యే కారణమని తీర్మానించరాదు. గాలి ఫిల్టరు మూసుకొనిపోవుట, టర్బో గొట్టం చిట్లుట, ఇంజెక్టరు సరిగా చల్లకపోవుట కూడా ఇవే లక్షణాలను చూపుతాయి. వాటిని వదలి మానిఫోల్డు ఒక్కటే కడిగితే కొద్ది నెలలలో మసి మరల పట్టుతుంది.

రేకు ముక్క చేసే పని

ఇప్పుడు ఉస్తాద్ చూపిన రేకు దగ్గరకు వద్దాం. న్యాయంగా చెప్పవలెనంటే, ఆయన మాటలో అబద్ధం లేదు. రేకు పెడితే మానిఫోల్డులోనికి పొగ రాదు, మసి పట్టదు. శుభ్రమైన గాలి నిండుగా దొరకుటచేత నల్లని పొగ కూడా తగ్గుతుంది. కాలుష్య తనిఖీ కేంద్రంలో డీజిల్ బండికి చూచేది పొగ నలుపును మాత్రమే. నత్రజని ఆక్సైడులను అచ్చట కొలవరు. కాబట్టి రేకు పెట్టిన బండి తనిఖీలో మరింత సులభంగా ఉత్తీర్ణమవుతుంది. కంటికి కనిపించే నలుపు తగ్గుతుంది. కనిపించని విషం రెట్టింపు కావచ్చును, అంతకు మించవచ్చును. ధ్రువపత్రం మీద మాత్రం అంతా సవ్యమే.

ఆ విషం ఎచ్చటికి పోతుంది? వ్యాను ఎచ్చట తిరిగితే అచ్చటికే. ఉదయం, సాయంకాలం ఇంజను తిరుగుతూ నిలిచేది బడి గేటు ముందు. పొగ గొట్టం ఎత్తుకు, ఆరేడేండ్ల పిల్లల ముఖం ఎత్తుకు పెద్దగా తేడా లేదు. మానిఫోల్డులో పట్టిన మసిని ఉస్తాద్ గీకి తీయగలరు. పిల్లల ఊపిరితిత్తులను విప్పి కడిగే షెడ్డు ఎచ్చటా లేదు.

చట్టం సంగతి కూడా తెలిసియుండుట మంచిది. గాలి కాలుష్యపు ప్రమాణాలను ఉల్లంఘిస్తూ బండి నడిపితే 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును.

పెద్దల రేకు

ఈ రేకు పని మన వీధి షెడ్డులకే పరిమితమని తలచరాదు. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఒక విషయం బయటపెట్టింది. వోక్స్‌వాగన్ సంస్థ డీజిల్ కార్లలోని కంప్యూటరుకు, పరీక్ష జరుగుతున్నదో లేదో గుర్తించే విద్య నేర్పబడింది. పరీక్షలో శుద్ధి ఏర్పాట్లు పూర్తిగా పనిచేస్తాయి, రోడ్డుపై సన్నగిల్లుతాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల వాహనాలలో ఆ ఏర్పాటు ఉన్నట్లు సంస్థయే ఒప్పుకొన్నది.

తరువాత కథ మన ప్రస్తావనకు మరింత దగ్గరైనది. దిద్దుబాటుగా ఇచ్చిన క్రొత్త ప్రోగ్రాములో, బయటి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు, 33 డిగ్రీలకు మధ్య ఉన్నప్పుడే ఇ.జి.ఆర్. పూర్తిగా పనిచేస్తుంది. ఆ హద్దులు దాటితే, సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైన పోతే కూడా, తగ్గిపోతుంది. ఇటువంటి ఏర్పాట్లకు తయారీదారులు చెప్పిన సమర్థన ఏమిటి? ఇంజనులో మసి పేరుకొనకుండా కాపాడుటకని! అదే మాట, అదే రేకు. ఉస్తాద్ దానిని ఇనుముతో చేస్తే వారు కంప్యూటరు లెక్కలతో చేశారు. అటువంటి కారు హైదరాబాదు ఎండాకాలపు మధ్యాహ్నం నడిచినట్లయితే, 33 డిగ్రీల హద్దు దాటిన కారణంగా రేకు దానంతట అదే పడేది.

లక్సెంబర్గులోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020 డిసెంబరు 17న తీర్పు చెబుతూ, ఇంజను పాతబడుటను గాని, మసితో మూసుకొనుటను గాని నివారించుట అనేది అటువంటి ఏర్పాటుకు సమర్థన కాదన్నది. 2022 జూలై 14న ఉష్ణోగ్రత హద్దుల విషయంలో కూడా అదే దృక్పథాన్ని చూపింది. ప్రయాణంలో ప్రమాదం తెచ్చే తక్షణ నష్టాన్ని తప్పించుటకు తప్పనిసరియైతేనే మినహాయింపు ఉండవచ్చునని, సంవత్సరంలో ఎక్కువ భాగం అమలులో ఉండే ఏర్పాటును ఎంతమాత్రం ఒప్పుకొనరాదని చెప్పింది. మాటలు న్యాయశాస్త్రానివే అయినా, సారాంశం సామాన్యుడికి అర్థమయ్యేదే. ఇంజను మరమ్మతు ఖర్చును ఊరి ఊపిరిపై వేయరాదు.

చేయదగిన పనులు

రేకు పెట్టవద్దని చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయుని పని కాదు. ఏమి చేయవలెనో కూడా చెప్పవలె.

మొదటిది నడక. ఇంజనును అనవసరంగా తిరగనివ్వరాదు; బడి గేటు ముందు ఆపివేయవలె. దినమంతా వీధులలోనే తిరిగే వ్యానును, ఇంజను బాగా కాగిన తరువాత అప్పుడప్పుడు పెద్ద రోడ్డుపై ఆపకుండా కొంతసేపు నడుపుట మంచిది. పట్టిన గట్టి ముద్ద దీనితో పోదు గాని, క్రొత్తది పట్టుట నెమ్మదిస్తుంది.

రెండవది నూనె. తయారీదారు చెప్పిన రకం ఆయిలునే, చెప్పిన మట్టం వరకే పోయవలె. మట్టం మించితే తుంపర పెరుగుతుంది. బ్రీదరు గొట్టాన్ని, గాలి ఫిల్టరును, ఇంజెక్టర్లను వేళకు చూపించవలె. మసి, నూనె రెండింటిలో ఏ ఒక్కటి తగ్గినా కాటుక తగ్గుతుంది.

మూడవది శుభ్రత. మానిఫోల్డు పూర్తిగా మూసుకొనేవరకు ఆగక, సర్వీసు సమయంలో వాల్వును విప్పి చూడుట మేలు. ఇంజను చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టవలె. చేతులకు తొడుగులు ఉండవలె; డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లో నిర్ధారించింది కదా. మానిఫోల్డును విప్పకుండా లోపలికి మందు చల్లితే ఊడిన గట్టి పెళ్ళలు సిలిండరులో పడవచ్చును. విప్పి, నానబెట్టి, గీకి, బాగా ఆరబెట్టుట శ్రేయస్కరం. మోటారుతో నడిచే వాల్వును స్క్రూడ్రైవరుతో బలవంతంగా కదపరాదు. ప్యాకింగులు క్రొత్తవి వేయవలె. క్రొత్త వాహనాలలో పని ముగిసిన పిదప స్కానరుతో వాల్వు స్థానాన్ని కంప్యూటరుకు మరల నేర్పవలసి ఉంటుంది.

తయారీదారుల బాధ్యత కూడా లేకపోలేదు. పొగను మసి ఫిల్టరు దాటిన తరువాత మళ్ళించే పద్ధతి కొన్ని ఇంజనులలో ఇదివరకే ఉన్నది. అందులో మానిఫోల్డుకు చేరే మసి చాలా తక్కువ. చేయి సులువుగా చేరే చోట వాల్వును అమర్చితే రెండు రోజుల పని ఒక పూటలో తీరుతుంది.

ముగింపు

ఆనాడు షెడ్డులో నేను ఈ సంగతులలో కొన్నింటిని చెప్పగలిగాను. యజమాని అంతా విన్నారు. "మీరు చెప్పింది నిజమే సార్. కాని రెండు రోజుల కిరాయి ఎవరిస్తారు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఊరి గాలిని కాపాడే ఖర్చు, ఊరిలో అందరికంటె తక్కువ సంపాదించే వానిపై పడుతున్నది. ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టి, రేకు పెట్టేవాడిని దోషి అనుట సులభం. న్యాయం మాత్రం కాదు.

ఉస్తాద్ కొంతసేపు మౌనంగా ఉండి, తమ మనుమడు కూడా ఆ బడిలోనే చదువుతున్నాడని చెప్పారు. తరువాత ఒక మార్గం సూచించారు. శనివారం మధ్యాహ్నం బండి అప్పగిస్తే, ఆదివారం షెడ్డు మూసియున్నా తానే కూర్చుని పని ముగిస్తానన్నారు. సోమవారం ఉదయం వ్యాను మామూలుగా పిల్లల కోసం వీధికి వచ్చింది. యజమాని ఇప్పుడు ప్రతి సంవత్సరం వేసవి సెలవులలో, కిరాయి నష్టం లేని రోజులలో, వాల్వు విప్పి కడిగిస్తున్నారు.

విద్యార్థి మిత్రులారా! రసాయనశాస్త్ర తరగతిలో నత్రజని చర్యలను నల్లబల్లపై వ్రాసుకొని మార్కులు సంపాదించుట మంచిదే. కాని అదే చర్య ప్రతి ఉదయం మన బడి గేటు ముందు జరుగుతున్నది. మీ ఇంటి వ్యానుకు ఎవరైనా రేకు పెట్టమని చెప్పినప్పుడు, ఆ రేకు ఇంజను ఊపిరిని కాపాడుటకు ఎవరి ఊపిరిని అడ్డుకొంటున్నదో ఒకసారి లెక్క వేయండి. ఆ లెక్కను మీ ఇంటివారికి, మీ ఉస్తాద్‌కు ఓర్పుతో చెప్పండి. చేతికి మసి అంటితే సబ్బుతో కడుగవచ్చును.